మోకాలికి పసుపు రాశాం, సరే..

పోయిన నెల్లో మా అమ్మాయి స్కూల్నుంచి వస్తూనే బ్యాగు సోఫా మీద పడేసి, "నాన్నా, నేను బాక్సింగ్‌లో చేరతా" అంది. చేతిలో ఓ కాగితం. కాగితం అడుగున తండ్రి సంతకం కోసం ఓ గీత. దానికిప్పుడు పదమూడేళ్ళు. ఇంతకుముందు భరతనాట్యం అంది, ఆర్నెల్లు వెళ్ళింది. కీబోర్డు అంది, అదిప్పుడు అటక మీదుంది. ఇదీ అలాంటిదే లెమ్మని నవ్వి ఊరుకోబోయాను. కానీ కాగితం చదివాక నవ్వు రాలేదు. శిక్షణలో గానీ పోటీల్లో గానీ కలిగే ఏ గాయానికైనా పూర్తి బాధ్యత మాదే, అని ఉంది. ఇక్కడ ‘మాదే’ అంటే నేర్పేవాళ్ళది కాదండోయ్, సంతకం పెట్టేవాడిది. అంటే నాది.

ఈలోగా వంటింట్లోంచి మా అమ్మ వచ్చింది. "ఏటీ, గుంటని గుద్దులాటకి పంపిస్తావేటి? ముక్కు వంకరైపోతే రేపు పెళ్ళెవడు చేసుకుంటాడు?" అంది. మా ఆవిడ అంత మాట అనలేదు గానీ, "వచ్చే ఏడు తొమ్మిదో క్లాసండీ.." అని ఆగిపోయింది. ముక్కు, పెళ్ళి, చదువు. మూడు భయాలూ పావుగంటలో బయటికొచ్చేశాయి. తలకాయ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక, అసలీ భయాలు ఎక్కణ్ణుంచి వచ్చాయా అని చదవటం మొదలుపెట్టాను. వారం పట్టింది. చదివినకొద్దీ ఒకటి అర్థమైంది. మనవాళ్ళు పిల్లల్ని ఆటలకి పంపటానికి ఎప్పుడూ భయపడుతూనే ఉన్నారు. కాకపోతే ఎక్కువసార్లు భయపడాల్సిందాని గురించి కాదు. ఎందుకలా అంటున్నానో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

* * *

బాక్సింగూ, అమ్మాయీ, విశాఖపట్నం అనగానే చెప్పుకోవాల్సిన కథొకటుంది.

నిజామాబాద్‌లో మహమ్మద్ జమీల్ అహ్మద్ అని ఒకాయన. ఆయనకి నలుగురు కూతుళ్ళు. తను కూడా కుర్రతనంలో ఆటలాడినవాడే. మూడో కూతుర్ని మొదట పరుగు పందాల కోసం గ్రౌండుకి తీసుకెళ్ళేవాడు. ఆ పిల్ల అక్కడ అన్ని ఆటల్లోనూ ఆడపిల్లల్ని చూసింది, ఒక్క బాక్సింగ్‌లో తప్ప. ఎందుకు లేరని తండ్రినడిగింది. ఆడవాళ్ళకి అంత బలం లేదని జనం అనుకుంటారు అన్నాడాయన. ఇంకేం, పౌరుషం వచ్చేసింది. ఆ పిల్లే నిఖత్ జరీన్.

ఆడపిల్లలు లేరు కాబట్టి మగపిల్లలతోనే ప్రాక్టీసు. మొదట్లోనే ఒకరోజు కన్ను వాచి, ముక్కులోంచి రక్తం కారుతూ ఇంటికొచ్చింది. తల్లి పర్వీన్ సుల్తానా చూసి ఏడ్చేసింది. మొహం ఇలా పాడైతే నిన్నెవరు చేసుకుంటారే అని ఆవిడ బాధ. పేరొస్తే పెళ్ళికొడుకులు లైను కడతార్లే అని కూతురు సర్దిచెప్పింది. ఈ ముచ్చట నిఖత్ ఇంటర్వ్యూల్లో చాలాసార్లు చెప్పింది. నేను చదువుతూ ఉలిక్కిపడ్డాను. నిజామాబాద్‌లో ఆ తల్లి అన్నదీ, మొన్న మా వంటింట్లో మా అమ్మ అన్నదీ ఒకటే మాట. మతం వేరు, ప్రాంతం వేరు, యాస వేరు, మధ్యలో పదిహేనేళ్ళ పైచిలుకు. భయం మాత్రం అక్షరం పొల్లుపోలేదు.

2009లో నిఖత్‌ని విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ, అదే మనం సాయ్ అంటామే, ఆ శిక్షణ కేంద్రానికి ఎంపిక చేశారు. నేర్పింది ఐ.వి.రావు గారు, తర్వాత ద్రోణాచార్య అవార్డు అందుకున్న కోచ్. అప్పటికి ఆ అమ్మాయి వయసెంతో తెలుసా? పదమూడు. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఆ కొస నుంచి ఈ కొసకి, పదమూడేళ్ళ ఆడపిల్లని, అదీ బాక్సింగ్ కోసం! ఇవాళ మేం మద్దిలపాలెం నుంచి సిరిపురం దాకా ఒంటరిగా పంపాలన్నా రెండుసార్లు ఫోన్ చేస్తాం.

రెండేళ్ళు తిరిగేసరికి, 2011లో, టర్కీలో జరిగిన జూనియర్, యూత్ ప్రపంచ పోటీల్లో బంగారు పతకం. 2022లో ఇస్తాంబుల్‌లో సీనియర్ ప్రపంచ చాంపియన్, 2023లో ఢిల్లీలో మళ్ళీ. మేరీ కోమ్ తర్వాత రెండుసార్లు ప్రపంచ విజేత అయిన భారతీయ మహిళ ఆవిడే. మధ్యలో 2017లో భుజం జారిపోయి ఏడాది పాటు రింగుకి దూరమైంది. ఇది కూడా చెప్పుకోవాలి. పతకాలు మాత్రమే లెక్కపెట్టి గాయాలు వదిలేస్తే అది చరిత్ర కాదు, ప్రకటన.

నిఖత్ రాకముందే మన విశాఖ అమ్మాయి నగిశెట్టి ఉష ఇదే ఆటలో 2008లో చైనాలో జరిగిన ప్రపంచ పోటీల్లో వెండి పతకం తెచ్చింది. ఆవిడకి 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. నేను పుట్టి పెరిగిన ఊరు. ఆవిడ పేరు నాకు మొన్నటిదాకా తెలీదు. సచిన్ సెంచరీలు మాత్రం వరసగా అప్పజెప్తాను. ఏం చేస్తాం..

* * *

ఆడపిల్లల సంగతి అలా ఉంచి మగపిల్లల దగ్గరికొద్దాం.

బీచ్ రోడ్డులో నడిచేవాళ్ళు కోడి రామ్మూర్తి గారి విగ్రహం చూసే ఉంటారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో తాలింఖానాల్లో తిరిగి పెరిగి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సర్కస్ పెట్టి దేశమంతా తిరిగిన మల్లుడు. ఇనప గొలుసులు తెంచేవాడు, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకునేవాడు. మా చిన్నప్పుడు అన్నం మానేస్తే "కోడి రామ్మూర్తిలా అవ్వాలా వద్దా" అని తినిపించేవారు. అన్నం దాకా రామ్మూర్తి కావాలి గానీ, కుస్తీ దాకా అక్కర్లేదు. "చదువు రానివాడికి కుస్తీ" అని ఇంట్లో ఒక అభిప్రాయం. కబడ్డీదీ అదే గతి. చెడుగుడంటే పొలం గట్ల మీద ఆడే ఆట, బట్టలు చింపుకునే ఆట. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల పట్టికకెక్కినా మన ఇళ్ళల్లో దాని పరువు పెరగలేదు. 2014లో ప్రో కబడ్డీ లీగ్ టీవీలోకొచ్చి, తెలుగు టైటాన్స్ ఆటలు మన విశాఖలోనే జరిగాక గానీ కబడ్డీ ఆడే కుర్రాణ్ణి పెద్దవాళ్ళు మర్యాదగా చూడలేదు.

నేనాడింది మాత్రం ఆ మర్యాద రాకముందు.

స్టీల్‌ప్లాంటు కోసం భూములిచ్చిన ఊళ్ళలో మాదొకటి. ఆర్-కార్డు మీద నాన్నకి ప్లాంటులో ఉద్యోగమొచ్చింది, ఉక్కునగరంలో క్వార్టరు. పి.వి.నరసింహారావు గారు వచ్చి ప్లాంటుని జాతికి అంకితం చేసిన ఏడాది, అంటే 1992, నాకు పన్నెండేళ్ళు. ఆ వర్షాకాలంలోనే అనుకుంటా, ఒక సాయంత్రం స్కూలు గ్రౌండులో కబడ్డీ. కూతకెళ్ళి గీత దగ్గరికి వెనక్కి వస్తుంటే ఇద్దరు కాళ్ళు పట్టేశారు, ఒకడు మీద పడ్డాడు. తల వెనక భాగం నేలకి కొట్టుకుంది. తర్వాత గుర్తున్నది మొహమ్మీద నీళ్ళు, "ఏం కాలేదు, లేలే" అన్న మాస్టారి గొంతు. లేచాను. చప్పట్లు కొట్టారు. మళ్ళీ ఆడాను. ఆ తర్వాత ఆట ఎలా అయ్యిందో, ఇంటికి ఎలా వచ్చానో ఇప్పటికీ నాకు తెలీదు. సైకిలు మాత్రం క్వార్టరు ముందు ఉంది.

అమ్మ మోకాలు చూసింది. చెక్కుకుపోయి రక్తం కారుతోంది. తిట్టి, కడిగి, పసుపు రాసింది. నిక్కరు చిరిగినందుకు వీపు మీద ఒకటి వేసింది. రాత్రి రెండుసార్లు వాంతయింది. "సెక్టారు మార్కెట్లో బజ్జీలు తినొద్దని చెప్తే వినవు కదా" అని వాము నీళ్ళు తాగించింది. తలకి దెబ్బ తగిలిందని నేను చెప్పలేదు. చెప్తే కబడ్డీ మానిపిస్తారు కదా! మూడోరోజు మళ్ళీ గ్రౌండులో ఉన్నాను.

మాస్టార్ని తప్పుపట్టట్లేదు. ఆయనకి తెలిసిందంతే, అమ్మకి తెలిసిందీ అంతే. నా అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. కానీ ఇప్పుడు ఆ రోజుని తలుచుకుంటే వెన్నులో చలి పుడుతుంది. అదెందుకో చెప్పాలంటే మనూరు దాటి కొంచెం దూరం వెళ్ళాలి.

* * *

బాక్సర్లు కొన్నేళ్ళు ఆడాక తాగినవాళ్ళలా తూలుతూ నడవటం, మాట ముద్దగా రావటం చాలాకాలంగా అందరూ చూస్తున్నదే. దాన్ని మొదటిసారి వైద్యశాస్త్రంలోకి తెచ్చింది హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికన్ డాక్టరు, 1928లో. అప్పట్నుంచీ ఇది బాక్సర్ల జబ్బు అనే ముద్ర పడింది. మిగతా ఆటలవాళ్ళు "మాకేం" అనుకున్నారు. 2002లో మైక్ వెబ్‌స్టర్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు చనిపోయాక, నైజీరియా నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డ బెనెట్ ఒమాలు అనే డాక్టరు ఆయన మెదడుని పరీక్షించి అలాంటి నష్టమే చూశాడు. 2005లో ఆ సంగతి అచ్చయ్యింది. పెద్ద గొడవ. సినిమా కూడా తీశారు.

మరి మన దగ్గర? మన దగ్గర మూడు భయాల జాబితాలో లేని ఆట క్రికెట్. "ఆడితే క్రికెట్ ఆడరా, దెబ్బలుండవు" అనేవారు. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో రమణ్ లాంబా హెల్మెట్ లేకుండా షార్ట్‌లెగ్‌లో నిలబడ్డాడు. బ్యాట్స్‌మన్ కొట్టిన బంతి తలకి తగిలింది. తనంతట తనే నడిచి వెళ్ళాడు. మొదట ఎవరికీ పెద్ద దెబ్బలా అనిపించలేదు. మూడోరోజు చనిపోయాడు. నడిచి వెళ్ళాడు కాబట్టి బాగానే ఉన్నాడు అనుకోటం ఎంత ప్రమాదమో చెప్పటానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది మనకి గర్వకారణం కూడా. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టు బంగారు పతకం గెలిచింది. కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ పోటీల్లో జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. డిఫెన్స్‌లో ఆడే మనిషిని రహీం సాబ్ ముందుకి పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. దక్షిణ కొరియాతో ఫైనల్లో 2-1తో గెలిచాం. అందులో ఒక గోలు పి.కె.బెనర్జీది, రెండోది కట్టుతో ఆడిన జర్నైల్ సింగ్‌ది. ఈ కథ వింటే ఇప్పటికీ రోమాలు నిక్కబొడుచుకుంటాయి. రహీం అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు, మరుసటేడు పోయారు. ఆ త్యాగాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ నిజం చెప్పండి, ఇదే కథ విని పెరిగిన పీఈటీ మాస్టారు, పన్నెండేళ్ళ కుర్రాడు నేల మీద పడుంటే "ఏం కాలేదు, లేలే" అనక ఇంకేమంటారు? లేచి ఆడినవాడే వీరుడు అని మనకి తరతరాలుగా నూరిపోశారు. ఆగిపోయినవాడి కథ ఎవరూ చెప్పలేదు.

* * *

2009లో నిఖత్ విశాఖ వచ్చిందన్నాను కదా. అదే ఏడు ఇంకో రెండు జరిగాయి. ఆగస్టులో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మహిళల బాక్సింగ్‌కి ఒప్పుకుంది. 2012 లండన్లో మేరీ కోమ్‌కి కాంస్యం వచ్చింది అందుకే. రెండోది అంతకుముందు మే నెలలో, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో. అక్కడ జకరీ లిస్టెట్ అనే కుర్రాడి పేరు మీద ఒక చట్టం వచ్చింది.

ఎవరా కుర్రాడు? 2006లో స్కూలు ఫుట్‌బాల్ ఆడుతూ పడ్డాడు, తల నేలకి కొట్టుకుంది. కాసేపు పక్కన కూర్చోబెట్టారు. రెండో సగంలో మళ్ళీ దించారు. ఆట అయ్యాక కుప్పకూలిపోయాడు. మెదడుకి ఆపరేషన్లు, కోమా, మళ్ళీ మాట్లాడ్డానికీ నడవటానికీ ఏళ్ళు పట్టింది. వాడి వయసు కూడా పదమూడే. నా కబడ్డీ సాయంత్రానికీ వాడి ఫుట్‌బాల్ మధ్యాహ్నానికీ తేడా ఏంటని ఆలోచిస్తే, నాకు ఒక్కటే కనిపిస్తోంది. అదృష్టం.

లిస్టెట్ చట్టంలో ఉన్నవి మూడే ముక్కలు. ఒకటి, ఏటా ఆట మొదలయ్యే ముందు తలదెబ్బ అంటే ఏమిటో చెప్పే కాగితం మీద తల్లిదండ్రులూ, పిల్లలూ ఇద్దరూ సంతకం చెయ్యాలి. రెండు, అనుమానం వస్తే చాలు, ఆటలోంచి తీసెయ్యాలి. మూడు, అర్హత ఉన్న వైద్యుడు రాతపూర్వకంగా సరే అంటే గానీ తిరిగి దించకూడదు. 2014 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలొచ్చాయి. నేను సియాటిల్ దగ్గర నాలుగేళ్ళు పనిచేసినప్పుడు పక్కింటి తెలుగాయన తన కొడుకు స్కూలు నుంచి వచ్చిన అలాంటి కాగితం చూపించి, "మనవాడి సంతకం కూడా అడుగుతున్నారండీ, వీడేదో పెద్ద మనిషైనట్టు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు మా అమ్మాయి తెచ్చిన కాగితం పక్కన ఊహించుకుంటే తేడా తెలిసింది. సంతకం అక్కడా అడుగుతారు, ఇక్కడా అడుగుతారు. అక్కడి కాగితం దెబ్బ తగిలితే ఏం చెయ్యాలో చెప్తుంది. మా చేతికొచ్చిన కాగితం దెబ్బ తగిలితే ఎవర్ని అనకూడదో చెప్తోంది.

ఆ మూడు ముక్కల వెనక ఉన్న సంగతి కూడా కాస్త చెప్పుకుందాం. మెదడు పుర్రెలో బిగించి ఉండదు, ద్రవంలో ఉంటుంది. తల ఒక్కసారిగా కుదిపితే లోపల అదీ కుదుపుకి లోనవుతుంది. దీన్నే కంకషన్ అంటారు. స్పృహ తప్పాలనేం లేదు, చాలామందికి తప్పదు కూడా. స్కానింగ్‌లో మామూలుగా ఏమీ కనిపించదు, ఎందుకంటే స్కానింగ్ వెతికేది రక్తస్రావాన్నీ, ఎముక విరగటాన్నీ. తలనొప్పి, వాంతులు, వెలుతురు చూడలేకపోవటం, అడిగిందే మళ్ళీ అడగటం, జరిగింది గుర్తులేకపోవటం, ఇవీ గుర్తులు. ఎక్కువమందికి కొన్ని రోజుల్లోనో వారాల్లోనో తగ్గిపోతుంది. అసలు ప్రమాదం తగ్గకముందే రెండో దెబ్బ తగలటం. అందుకే ఆ రోజుకి ఆట బంద్. తర్వాత ఒకట్రెండు రోజులు విశ్రాంతి, ఆపైన నడక, పరుగు, ప్రాక్టీసు, చివర్న పోటీ అని మెట్టు మెట్టుగా వెళ్ళాలి. వాంతులు ఆగకపోయినా, మగతగా ఉన్నా, తలనొప్పి పెరుగుతున్నా, ఫిట్స్ వచ్చినా క్షణం ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. వాము నీళ్ళు కాదు.

క్రికెట్ కూడా 2014లో ఫిలిప్ హ్యూస్ పోయాక మేలుకుంది. తలకి దెబ్బ తగిలి ఆడలేని ఆటగాడి బదులు ఇంకొకర్ని దించే నియమం టెస్టుల్లోకి 2019లో వచ్చింది. అంటే ‘నువ్వు ఆగితే జట్టు నష్టపోతుంది’ అనే మాటకి విరుగుడు కనిపెట్టారన్నమాట.

* * *

ఇదంతా చదువుతుంటే నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఆయన రోలింగ్ మిల్లులో పనిచేశారు. అన్నం తింటూ డ్యూటీ కబుర్లు చెప్పేవారు. మోటారు రిపేరు చెయ్యాలంటే ముందు షట్‌డౌన్ పర్మిట్ తీసుకోవాలి. పర్మిట్ తీసుకున్నవాడు పని పూర్తిచేసి, తన చేత్తో సంతకం పెట్టి తిరిగి ఇస్తే గానీ మోటారు ఆన్ చెయ్యకూడదు. ప్రొడక్షన్ ఆగిపోతోందని ఎంత పెద్ద ఆఫీసరు అరిచినా సరే. "ఆపటానికి ఎవడైనా చాలు, మళ్ళీ నడపటానికి మాత్రం ఆ సంతకమే కావాలి" అనేవారు. లిస్టెట్ చట్టం సరిగ్గా ఇదే కదండీ! మా ఊళ్ళో మిల్లు మోటారుకి ఉన్న రక్షణ, మిల్లు గోడకి ఇవతల కబడ్డీ ఆడుతున్న ఆ మిల్లు కార్మికుడి కొడుక్కి లేదు. నాన్న హెల్మెట్ మేకుకి వేలాడుతూ ఉండేది. మాకు ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

కాబట్టి ‘ఆడించాలా వద్దా’ అన్నది తప్పు ప్రశ్న అని నా అభిప్రాయం. దెబ్బ తగిలాక ఆట ఆపేది ఎవరు, మళ్ళీ దింపేది ఎవరు? అడగాల్సింది ఇది.

ఇక్కడ నా మనసుకి నేను సర్దిచెప్పుకుంటున్నానేమో అనే అనుమానం మీకు రావచ్చు. నాకూ వచ్చింది. అందుకే రెండో పక్షం కూడా రాస్తున్నాను. కబడ్డీలో తలకి తగిలితే అది పొరపాటు. బాక్సింగ్‌లో తలకి తగిలితే అది పాయింటు. ఈ తేడా చిన్నది కాదు. అమెరికా, కెనడా పిల్లల డాక్టర్ల సంఘాలు 2011లో కలిసి, పిల్లలకి బాక్సింగ్ వద్దే వద్దు అని గట్టిగా చెప్పాయి. హెడ్‌గార్డు ఉంది కదా అంటే, అది కోతల్నీ గాట్లనీ తగ్గిస్తుంది గానీ లోపలి కుదుపుని ఆపలేదు. 2013లో పెద్దల పురుషుల పోటీల్లో దాన్ని తీసేశారు కూడా, ఆడవాళ్ళకీ పిల్లలకీ ఉంచారు. మన పొరుగునే, 2022 జులైలో బెంగళూరులో కిక్‌బాక్సింగ్ పోటీలో పడిపోయిన మైసూరు కుర్రాడు మళ్ళీ లేవలేదు. అక్కడ సరైన వైద్య ఏర్పాట్లు లేవని తల్లిదండ్రులు మొత్తుకున్నారు. ఇదంతా తెలిసి కూడా పంపాలా?

నిఖత్ తండ్రికి కూడా ఇలాంటి రాత్రులు గడిచే ఉంటాయి. ఆయన్ని చూసి నేను నేర్చుకున్నది ‘పంపితే పతకం వస్తుంది’ అని కాదు. పంపినవాళ్ళలో పతకం వచ్చేది ఏ వెయ్యిమందిలో ఒకరికో. మిగతా వాళ్ళకి వచ్చేది ఒళ్ళు మీద నమ్మకం, ఎదుటివాడి కళ్ళలోకి చూసే ధైర్యం. అవి మా అమ్మాయికి వద్దని ఎలా అంటాను? ఇంట్లో కూర్చోబెడితే దెబ్బ తగలదు, నిజమే. ఇంట్లో కూర్చోబెట్టి, ముక్కు భద్రంగా ఉంది కదా అని సంతోషించటం మాత్రం నావల్ల కాలేదు.

* * *

ఆదివారం ఆ సెంటరుకి వెళ్ళాను. కోచ్ కుర్రాడే, ముప్ఫై లోపుంటాయి. నా ప్రశ్నలు ఫోన్లో రాసుకెళ్ళాను. ఎన్ని నెలలకి ఎదురెదురుగా ఆడిస్తారు? ఒకే బరువువాళ్ళనేనా? తలకి గట్టిగా తగిలితే ఎవరు ఆపుతారు? ఎన్ని రోజులు? డాక్టరెవరు? అతను నవ్వి, "సార్, పాపని బాక్సింగ్‌కి పంపిస్తున్నారా, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కా?" అన్నాడు. కానీ ఓపిగ్గానే చెప్పాడు. మొదటి ఆర్నెల్లు స్కిప్పింగు, ఫుట్‌వర్కు, బ్యాగు మీద గుద్దటం, అంతే. ఆ తర్వాత కూడా తలకి కొట్టకుండా ఒంటి మీద పాయింట్లతో ఆడిస్తామన్నాడు. తనకి ఒకసారి దెబ్బ తగిలి వారం రోజులు వెలుతురు చూడలేకపోయాడట, అందుకని పిల్లల విషయంలో జాగ్రత్తగానే ఉంటాడట. "కానీ సార్, దెబ్బ తగిలిందని వాళ్ళు చెప్పరు. దాస్తారు. అదే మాకు పెద్ద బాధ" అన్నాడు.

కాగితం మీద పెన్నుతో ఒక వాక్యం అదనంగా రాశాను. తలకి దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆపెయ్యాలి, డాక్టరు రాసిస్తే తప్ప మళ్ళీ రింగులోకి దింపకూడదు, అని. కోచ్ చదివి కింద తనూ సంతకం పెట్టాడు. కోర్టులో నిలబడుతుందో లేదో నాకనవసరం. చదివాడు, అది చాలు. మొదటి ఆర్నెల్లూ పంపుతున్నాను. ఎదురెదురుగా ఆడే రోజు వచ్చినప్పుడు మళ్ళీ ఆలోచిస్తాను. పూర్తిగా తేల్చేశానని మాత్రం చెప్పను.

ఇంటికొచ్చాక మా అమ్మాయిని కూడా సంతకం పెట్టమన్నాను. "ఎందుకు?" అంది. "తలకి తగిలితే దాచను, అని." పెన్ను తీసుకుని ఆగింది. "నువ్వెప్పుడైనా దాచావా నాన్నా?" అని అడిగింది. మా అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. ఇహ తప్పలేదు. మూడు దశాబ్దాలు దాటిన ఆ సాయంత్రం మొత్తం చెప్పాను. కూత, నేల, నీళ్ళు, ఇంటికెలా వచ్చానో గుర్తులేకపోవటం, అన్నీ.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "అయితే ఆ రాత్రి వాంతులు.. బజ్జీలవి కావా?" అంది.

"కావమ్మా."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లేచి వచ్చి, నా తల వెనక చెయ్యి పెట్టి తడిమింది. ఇప్పుడక్కడ ఏముంటుంది, బట్టతల తప్ప! "మోకాలు చూసేనురా, మోకాలే చూసేను" అంది. మనవరాలి వైపు తిరిగి, "పెట్టవే సంతకం. ముక్కు పోతే పోయింది గానీ, తలకి తగిలితే మాత్రం నాకు చెప్పకపోయావో.." అంది.

పెట్టింది. కాగితం ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంది, మూడు సంతకాలతో. మీ ఇంట్లో కూడా ఇలాంటి కాగితం ఏదైనా ఉంటే, గీత మీద సంతకం పెట్టే ముందు ఒక్కసారి పైన ఏం రాసుందో చదవండి. అందులో ఏం రాయలేదో అది కూడా చదవండి.